పడుకోబెట్టడం ఒక పని, లేపడం ఇంకో పని

(గొర్రెల ఆపరేషన్లలో కండరాలు సడలించే మందులు, వాటి విరుగుళ్ల గురించి అనకాపల్లిలో గొర్రెల పెంపకందారుల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన మీటింగుల్లో చెరకు రేటు, బెల్లం మార్కెట్లో తూకం, యూరియా కోసం క్యూలు, ఇవే ఎక్కువగా మాట్లాడుకుంటాం. ఇవాళ నాకు ఇచ్చిన విషయం విని, ఇది డాక్టర్ల చదువు కదా, మనకెందుకని కొందరు అన్నారు. నేను చదివింది పదో తరగతి. డాక్టర్ల పని వాళ్లకు నేర్పడానికి నేను రాలేదు. కానీ గ్రామాల్లో తిరుగుతుంటే ఒకే మాట మళ్లీ మళ్లీ చెవిన పడుతోంది. "ఆపరేషన్ బాగానే అయింది, పిల్ల బయటికొచ్చింది, కుట్లు కూడా వేశారు, గొర్రె మాత్రం లేవలేదు." చూడి గొర్రె పోతే ఎంత పోయినట్టో ఇక్కడున్న వాళ్లకు నేను లెక్క కట్టి చెప్పక్కర్లేదు. అందుకే ఆ లేవకపోవడం గురించి, లేపడానికి ఉన్న మందుల గురించి, తెలిసినవాళ్లను అడిగి, చదివి, తెలుసుకున్నంత మీ ముందు పెడుతున్నాను.

ముందు ఒక చిక్కు విప్పాలి. మనం అన్నిటినీ కలిపి "మత్తు ఇంజెక్షన్" అంటాం. అందులో మూడు రకాలు ఉన్నాయి. కోసే చోట మాత్రమే స్పర్శ పోగొట్టే మందు ఒకటి. జీవాన్ని మగతలోకి దించి, నొప్పి తగ్గించి, ఒళ్లు వదులు చేసేది రెండోది. మెదడు జోలికి పోకుండా కండరాన్ని మాత్రమే కట్టిపడేసేది మూడోది. ఇందులో మొదటిదానికి విరుగుడు ఇవ్వరు, దాని పాటికి అదే దిగుతుంది. మిగతా రెండిటికీ విరుగుళ్లు ఉన్నాయి, అయితే దీని విరుగుడు దానికి పనిచెయ్యదు.

మూడోదాన్నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే అది మనకు పొలంలో తెలిసిన విషయమే. నాగుపాము కాటు చూసినవాళ్లు ఇక్కడ ఉంటారు. ముందు కనురెప్పలు వాలతాయి. మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. ఆ తరవాత ఊపిరి తీసే కండరాలు కూడా పడిపోతాయి. మనిషికి చాలాసేపు తెలివి ఉంటుంది, కదల్లేడు. నరం చెప్పే మాట కండరం వినకుండా ఆ విషం అడ్డం కూర్చుంటుంది. ఆపరేషన్లలో వాడే అసలైన కండరాల సడలింపు మందులు, వెక్యూరోనియం, రోక్యూరోనియం, అట్రాక్యూరియం లాంటివి, సరిగ్గా అదే చోట, అదే పద్ధతిలో పనిచేస్తాయి.

వీటికి మూలం దక్షిణ అమెరికా అడవుల్లో వేటగాళ్లు బాణాలకు పూసే క్యురారే అనే విషం. 1814లో చార్లెస్ వాటర్టన్ అనే ఇంగ్లండు ఆయన లండన్‌లో ఒక ఆడ గాడిదకు ఆ విషం ఎక్కించారు. అది కుప్పకూలింది, ఊపిరి ఆగింది. గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, కొలిమి తిత్తితో గంటల తరబడి గాలి ఊదారు. విషం దిగిపోయాక గాడిద లేచి నిలబడింది, తరవాత చాలా ఏళ్లు బతికింది. మన కమ్మరి కొలిమిలో ఉండే తిత్తి లాంటిదే అనుకోండి. ఈ కథలో ఉన్నదంతా మనకు కావలసిందే. మందు జీవాన్ని చంపలేదు, ఊపిరి ఆపింది. ఊపిరి వేరే దారిన అందిస్తే జీవం నిలిచింది. మనుషుల ఆపరేషన్లలో ఈ క్యురారేని 1942లో కెనడాలో గ్రిఫిత్ అనే డాక్టర్ వాడి చూపించాక ప్రపంచమంతా అలవాటైంది.

విరుగుడు ఎలా పనిచేస్తుందో మన ఆర్టీసీ బస్సుతో చెబుతాను. కండరం మీద సీట్లు ఉన్నాయనుకోండి. నరం చివర నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం వచ్చి సీట్లో కూర్చుంటే కండరం బిగుస్తుంది. సడలింపు మందు వచ్చి కిటికీలోంచి సీట్ల మీద తువ్వాళ్లు వేసేస్తుంది. ఇక ఎవరూ కూర్చోవడానికి లేదు. మామూలుగా బస్సులో ఒక కండక్టర్ కూడా ఉంటాడు, కోలినెస్టరేజ్ అని పేరు, ఎక్కినవాళ్లను వెంటవెంటనే దించేస్తుంటాడు. నియోస్టిగ్మిన్ అనే విరుగుడు ఆ కండక్టర్ చేతులు కట్టేస్తుంది. దించేవాడు లేక జనం పెరిగిపోతారు, తోసుకుని తువ్వాళ్లు పక్కకు నెట్టి కూర్చుంటారు. కండరం మళ్లీ కదులుతుంది.

ఒక్క సీటు కూడా ఖాళీ లేకుండా తువ్వాళ్లు ఉన్నప్పుడు ఎంతమంది ఎక్కినా లాభం లేదు. అందుకని పెద్ద ఆస్పత్రుల్లో నరానికి చిన్న కరెంటు తాకించి కాలు ఎన్నిసార్లు అదురుతుందో చూసి, కండరం కాస్త తేరుకున్నాకే నియోస్టిగ్మిన్ ఇస్తారు. తొందరపడి ఇస్తే సగం లేచి మళ్లీ పడుతుంది. సుగమడెక్స్ అనే కొత్త మందు దారి వేరు. అది రోక్యూరోనియం, వెక్యూరోనియం అనే తువ్వాళ్లను మడతపెట్టి సంచిలో వేసుకుని పోతుంది. యూరప్‌లో 2008లో, అమెరికాలో 2015లో మనుషులకు అనుమతి వచ్చింది. దాని ఖరీదు చూస్తే మన గొర్రెల వైద్యానికి ఇప్పట్లో వచ్చేది కాదు.

ఇప్పుడు పురుగుమందుల సంగతి. నియోస్టిగ్మిన్ కట్టేసే ఆ కండక్టర్‌నే మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ కూడా కట్టేస్తాయి. నియోస్టిగ్మిన్ కట్టిన ముడి కొన్ని గంటల్లో ఊడుతుంది, పురుగుమందు వేసిన ముడి అంత తేలిగ్గా ఊడదు. మందు కొట్టిన గట్టు మీద మేసిన గొర్రెకు నోటి వెంట చొంగ, కళ్ల నీళ్లు, విరోచనాలు, ఒళ్లంతా అదురు, ఇవి మీరు చూశారు. నియోస్టిగ్మిన్ ఒక్కటే ఇచ్చినా చిన్న మోతాదులో అదే జరుగుతుంది. గుండె నెమ్మదిస్తుంది, చొంగ, కఫం పెరుగుతాయి. అందుకే దానితో పాటు అట్రోపిన్ గానీ గ్లైకోపైరోలేట్ గానీ తప్పక ఇస్తారు. పురుగుమందు తాగిన మనిషికి ఆస్పత్రిలో ఇచ్చేదీ ఆ అట్రోపినే. నాగుపాము కాటుకు యాంటీవెనంతో పాటు అట్రోపిన్, నియోస్టిగ్మిన్ కలిపి ఇచ్చి చూసే పద్ధతి కూడా మన దేశంలో ఉంది. కట్లపాము విషం నరం చివరనే పాడుచేస్తుంది గనక అక్కడ ఇది అక్కరకు రాదు.

దీన్నుంచి మనకొక పని తేలుతుంది. ఆపరేషన్‌కు ముందు డాక్టర్ గారు అడిగినా అడగకపోయినా, ఈ మధ్య మందకు పేలకు, పిడుదులకు ఏం మందు పూశామో, ఏ చేలో మేపామో చెప్పాలి. ఫాస్ రకం మందు ఒంట్లో ఉన్న జీవానికి సక్సినైల్‌కోలిన్ అనే సడలింపు మందు ఇస్తే నిమిషాల్లో దిగాల్సింది చాలాసేపు దిగదు. డబ్బా పేరు గుర్తులేకపోతే ఖాళీ డబ్బా పట్టుకెళ్లండి.

ఇంకో మాట గట్టిగా చెబుతాను. ఈ మూడో రకం మందు నొప్పి తగ్గించదు, నిద్ర పుచ్చదు. అది మాత్రమే ఇచ్చి కోస్తే జీవానికి అంతా తెలుస్తుంది, అరవలేదు, కాలు విదల్చలేదు. అందువల్ల గొట్టం వేసి ఊపిరి అందించే యంత్రం, వేరుగా మత్తు, రెండూ ఉన్నచోటే వాడాలి. అంటే పశువైద్య కళాశాలల్లో, పరిశోధన సంస్థల్లో. మనకు దగ్గరలో గరివిడిలో కళాశాల ఉంది, అటు గన్నవరం, తిరుపతి ఉన్నాయి. ఊరి ఆస్పత్రిలో ఈ మందు పేరు వినపడితే, ఊపిరి యంత్రం ఉందా సార్ అని అడగండి. మర్యాదగానే అడగండి.

మన ఊళ్లలో వాడేది రెండో రకం. దాని పేరు జైలజిన్. 1962లో జర్మనీలో బేయర్ కంపెనీ తయారుచేసిన మందు. ఇది కండరం మీద సీట్ల జోలికి పోదు, మెదడు, వెన్నుపాము మీద పనిచేసి మగత, నొప్పి తగ్గుదల, ఒళ్లు వదులు, మూడూ ఒకేసారి తెస్తుంది. కాబట్టి దీనికి నియోస్టిగ్మిన్ విరుగుడు కాదు. దీని విరుగుళ్లు యోహింబిన్, టోలజోలిన్, అటిపమెజోల్. ఈ మూడు పేర్లూ రాసుకోండి. రాయడం రానివాళ్లు పక్కనున్న పిల్లల చేత రాయించుకోండి.

జైలజిన్ మంచి మందే. మోతాదు దగ్గరే ప్రమాదం. గుర్రానికి కిలో బరువుకు పట్టేదానిలో సుమారు పదో వంతు చాలు నెమరువేసే జీవాలకు. 30 కిలోల గొర్రెకు 3 నుంచి 6 మిల్లీగ్రాములు అనుకుంటే, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములుండే సీసాలోంచి అది 0.15 నుంచి 0.3 మిల్లీలీటరు. అంటే చుక్కలు. పెద్ద సిరంజిలో ఆ గీత కళ్లకు ఆనదు. అదే మందు 100 మిల్లీగ్రాముల గాఢతతో కూడా తయారవుతుంది, సీసా మారితే అయిదు రెట్లు పడినట్టే. నేను ఈ లెక్క చెప్పింది మీరు ఇంజెక్షన్ వెయ్యడానికి కాదు. గొర్రె బరువు చూసి కాకుండా ఉజ్జాయింపుగా మందు లాగడం ఎంత ప్రమాదమో తెలియడానికి. మీ ఊళ్లో కాటా ఉంటుంది. తీసుకెళ్లేముందు తూచి, ఆ అంకె చీటీ మీద రాసి డాక్టర్ గారి చేతిలో పెట్టండి.

ఇక గొర్రెకే ప్రత్యేకమైన కీడు ఒకటుంది. ఆవుకి, మేకకు కన్నా గొర్రెకు ఈ మందుతో ఊపిరితిత్తులు దెబ్బతినడం ఎక్కువ. కొన్ని జీవాల్లో మామూలు మోతాదుకే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుంది, రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది. చిగుళ్లు, నాలుక నీలంగా మారతాయి, ముక్కు వెంట నురగ వస్తుంది. ఈ నీరు దిగాక విరుగుడు ఇచ్చినా వెంటనే పోదు, ఆక్సిజన్ కావాలి. కాబట్టి విరుగుడు ఉంది కదా అని ధీమా పడడానికీ లేదు. చూడి చివరి రోజుల్లో ఉన్న గొర్రెకు జైలజిన్ ఇస్తే కడుపులో పిల్లకు రక్తం, గాలి తగ్గుతాయి, అందుకే అప్పుడు వీలైనంతవరకు వద్దంటారు.

ఈత కష్టమై కడుపు కోసి పిల్లను తియ్యాల్సి వస్తే చాలాసార్లు మొదటి రకం మందు సరిపోతుంది. ఎడమ డొక్కలో కోసే చోట చుట్టూ లిగ్నోకెయిన్ వేసి, జీవాన్ని ఇద్దరు మనుషులు నెమ్మదిగా పట్టుకుంటే ఆపరేషన్ చేస్తారు. నడుం దగ్గర వెన్నులో వేసే పద్ధతి కూడా ఉంది. అప్పుడు లేపే సమస్యే ఉండదు. "సార్, లోకల్‌తో అవుతుందా" అని అడిగే హక్కు మనకుంది. లిగ్నోకెయిన్ కూడా చిన్న జీవాలకు ఎక్కువైతే వణుకు, మూర్ఛ తెప్పిస్తుంది, నీళ్లు కలిపి పలచన చేసి వాడేది అందుకే.

విరుగుడు ఇచ్చేటప్పుడు డాక్టర్లు చూసుకునే సంగతులు మనమూ తెలుసుకుంటే వాళ్ల తొందర, ఆలస్యం అర్థమవుతాయి. యోహింబిన్, టోలజోలిన్ నరంలోకి గబుక్కున ఎక్కిస్తే జీవం బెదిరి లేస్తుంది, రక్తపోటు పడిపోవచ్చు, అందుకే నెమ్మదిగా ఇస్తారు. జైలజిన్‌తో పాటు కెటమిన్ కూడా ఇచ్చి ఉంటే, జైలజిన్‌ను ముందే తీసేస్తే కెటమిన్ ఒక్కటే మిగిలి ఒళ్లు కర్రలా బిగుస్తుంది, అందుకని కొంచెం ఆగుతారు. మగత పోతే దానితో నొప్పి తగ్గుదల కూడా పోతుంది. కాబట్టి లేపేముందే నొప్పికి వేరే ఇంజెక్షన్ పడాలి, మెలాక్సికామ్ లాంటిది. డైక్లోఫెనాక్ మాత్రం కాదు. రాబందులు నాశనమవుతున్నాయని 2006లోనే పశువులకు దాన్ని నిషేధించారు, ఎవరైనా తెస్తే వెనక్కి పంపండి. చివరిది, విరుగుడు జైలజిన్ కన్నా ముందే ఒంట్లోంచి పోవచ్చు. లేచి నాలుగడుగులు వేసిన గొర్రె గంట తరవాత మళ్లీ కూలబడితే ఆశ్చర్యపోకండి, ఫోన్ చెయ్యండి. ఆటోలో వేసుకుని ఇంటికొచ్చి మందలో తోలేసే పని ఆ పూట పెట్టుకోవద్దు.

వెనకనుంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు, విరుగుడు దొరక్కపోతే ఏం చెయ్యాలన్నా అని. మంచి ప్రశ్న. మందు దానంతట అది దిగేదాకా జీవాన్ని నిలబెట్టడమే పని, గాడిదకు తిత్తి ఊదినట్టు. ఇందులో చాలాభాగం మన చేతుల్లో ఉంది.

ముందుగా అనుకుని చేసే ఆపరేషనైతే పెద్ద గొర్రెకు ముందు రోజంతా మేత ఆపాలి, నీళ్లు కొన్ని గంటలు ఆపాలి, ఎంతసేపో డాక్టర్ గారు చెబుతారు. పాలు తాగే పిల్లను మాత్రం అలా మాడ్చకూడదు. నిండు పొట్టతో పడుకున్న గొర్రె తేన్పు రాక ఉబ్బుతుంది, ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను నొక్కుతుంది, కడుపులోది గొంతులోకి వచ్చి ఊపిరి గొట్టంలో పడుతుంది. పైగా గొర్రెకు రోజుకు లీటర్లకొద్దీ లాలాజలం ఊరుతుంది, మగతలో అది మింగలేదు. కాబట్టి తల కింద గోనె సంచి మడిచి పెట్టి, గొంతు ఎత్తులో, మూతి కిందికి ఉండేలా ఉంచాలి, చొంగ బయటికి కారిపోతుంది. ఆపరేషన్ అయిన వెంటనే పక్కకు పడేసి ఉంచకుండా రొమ్ము మీద కూర్చోబెట్టి, రెండు వైపులా గడ్డి మోపులు ఆనించండి. డొక్క డప్పులా ఉబ్బుతుంటే వెంటనే చెప్పండి. నీడలో ఉంచండి, చలికాలమైతే గోనె కప్పండి. ఈ మందులు ఒంటి వేడిని అదుపులో ఉంచే శక్తిని పోగొడతాయి. మింగడం వచ్చేదాకా నోట్లో చుక్క నీరు పొయ్యకూడదు. బెల్లం నీళ్లు పోస్తే ఓపిక వస్తుందని మన వైపు అలవాటు ఉంది. అనకాపల్లి వాళ్లం, బెల్లాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ మగతలో ఉన్న గొర్రెకు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

ముఖంలో ముఖం పెట్టి పదిమంది గుమిగూడకండి. ఒకరు దగ్గర కూర్చుని రొమ్ము ఎగసిపడటం చూడండి, చిగుళ్ల రంగు చూడండి. మందు పడ్డ జీవం చనిపోయినా, బతికినా, డాక్టర్ గారు చెప్పే గడువు దాటకుండా కోతకు అమ్మకండి. నష్టం ఎంతైనా సరే.

కొన్నిచోట్ల మందుల షాపులో జైలజిన్ సీసా కొని పొట్టేళ్లకు విత్తనం కొట్టడానికి, కొమ్ము కొయ్యడానికి సొంతంగా వాడుతున్నారని విన్నాను. సూది జారి మన చేతికి దిగిందంటే గుండె, ఊపిరి నెమ్మదిస్తాయి, మనుషుల కోసం అనుమతి పొందిన విరుగుడు దీనికి లేదు. అమెరికాలో ఈ మందునే మత్తుకు అలవాటుపడినవాళ్లు వాడే సరుకులో కలిపి అమ్మితే జనం చనిపోతున్నారు, 2023లో అక్కడి ప్రభుత్వం దాన్ని కొత్త ముప్పుగా ప్రకటించింది. కాబట్టి ఈ సీసా మన గూట్లో ఉండాల్సిన వస్తువు కాదు.

ఇప్పుడు సంఘం పని. అడవి ఏనుగుకో చిరుతకో మత్తు బాణం వేసే బృందం విరుగుడు మందు పక్కన పెట్టుకునే బయల్దేరుతుంది. దాన్ని ఎవరూ తప్పుపట్టరు, అలాగే ఉండాలి. మన గొర్రె దగ్గరకొచ్చేసరికి "దిగిపోతుందిలే" అంటారు. మా చుట్టాల గొర్రెకు ఒకచోట కొమ్ము విరిగితే మత్తు ఇచ్చి కట్టు కట్టారు, ఆ చోటు పేరు ఇక్కడ చెప్పను. సాయంత్రం అయిదుకు తలుపులు మూసే వేళైంది, మగతలో ఉన్న జీవాన్ని వరండాలోనే వదిలి వెళ్లారు. విరుగుడు అడిగితే స్టాకులో లేదన్నారు. అది రాత్రికి పోయింది. అక్కడ పనిచేసేవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. ఒక డాక్టర్‌కు ఎన్ని ఊళ్లున్నాయో, ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయో మనకు కనిపిస్తూనే ఉంది. సీసా ఇవ్వకుండా లేపమంటే వాళ్లెలా లేపుతారు?

అందుకని జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారులకు ఇచ్చే వినతిపత్రంలో నాలుగు సంగతులు పెట్టాం. జైలజిన్ సరఫరా చేసే ప్రతి ఆస్పత్రికీ దాని విరుగుడు కూడా అదే ఇండెంట్‌లో రావాలి. చిన్న జీవాల కోసం ఇన్సులిన్ సిరంజిల లాంటి సన్న గీతల సిరంజిలు, ఒక కాటా ఉండాలి. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనాలు మన రాష్ట్రంలో 2022 మే నుంచి తిరుగుతున్నాయి, వాటిలో విరుగుడు, అట్రోపిన్, ఆక్సిజన్ ఉంచాలి. మత్తు ఇచ్చిన జీవం లేచి నిలబడేదాకా ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి, దానికి సిబ్బందిని ఇవ్వాలి.

అయిదోదిగా నష్టపరిహారం కూడా చేర్చాలని కొందరు మిత్రులు పట్టుబడుతున్నారు. ఆపరేషన్‌లో చనిపోయిన ప్రతి గొర్రెకూ డాక్టర్‌ను బాధ్యుణ్ణి చేస్తే రేపు ఎవరూ కత్తి పట్టరని నా భయం. ఇన్సూరెన్స్‌లో ఆపరేషన్ మరణాలను కలపమని అడగడం మంచిదని నేననుకుంటున్నాను. మధ్యాహ్నం దీని మీద మాట్లాడుకుని తేల్చుకుందాం. కాగితం అదిగో ఆ బల్ల మీద ఉంది, చదివి, చదివించుకుని, మార్పులుంటే చెప్పి, ఆ తరవాతే సంతకాలు పెట్టండి.